అవతలి పార్టీవాళ్ళంటే ఎవరు?

మంగళవారం

పొద్దుట్నుంచీ ముందున్నది ఒకటే ప్రశ్న. అమెరికాలో ఓటర్ల అభిప్రాయాలు సేకరించే అమెరికన్ నేషనల్ ఎలక్షన్ స్టడీస్ సర్వేల్లో దశాబ్దాలుగా అడుగుతున్నదే: ఫలానా పార్టీ అంటే మీకెలా ఉంటుందో 0 నుంచి 100 డిగ్రీల్లో చెప్పండి. 50 అంటే ఇష్టమూ లేదు, అయిష్టమూ లేదు. సొంత పార్టీకి ఇచ్చిన డిగ్రీల్లోంచి అవతలి పార్టీకి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది ఎడం.

ఎడం పెరిగిందని అందరూ రాస్తారు. ఎటువైపు నుంచి పెరిగిందన్నదే అసలు సంగతి. సొంత పార్టీ అంకె 1970ల చివర్లో 70 దగ్గర ఉండేది, 2020లోనూ దాదాపు అక్కడే ఉంది. అవతలి పార్టీదే 50కి కాస్త దిగువ నుంచి 20 దరిదాపులకు పడిపోయింది. తేడా ఒక్కటే లెక్కగడితే ఇది కనబడదు. రెండు గీతలూ విడివిడిగా గీయాల్సిందే.

ఆ 20 ఎవరికి వేసినట్టు? ‘అవతలి పార్టీ’ అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది నాయకులు. రాజకీయ శాస్త్ర పరిశోధకులు డ్రక్‌మన్, లెవెండస్కీ 2019లో ఇది పరీక్షించి చూపించారు. మామూలు ఓటర్ల గురించి అడిగితే అంత చల్లటి అంకెలు రావు. పక్కింటివాళ్ళ మీద లేని ద్వేషాన్ని ఉన్నట్టు లెక్క చూపించడం చిన్న తప్పేమీ కాదు. సర్వేలో నాయకుల గురించి ఒక ప్రశ్న, ఓటర్ల గురించి ఒక ప్రశ్న పెట్టి తీరాలి.

మధ్యాహ్నమంతా పెళ్ళి ప్రశ్నతో సరిపోయింది. పిల్లలు అవతలి పార్టీ ఇంటి సంబంధం చేసుకుంటే బాధపడతామన్నవాళ్ళు 1960లో రిపబ్లికన్లలో 5 శాతం, డెమొక్రాట్లలో 4 శాతం. 2010లో 49, 33. రెండుసార్లూ ప్రశ్నలోని మాటలు అచ్చంగా ఒకటి కావు, అది మరిచిపోకూడదు. పైగా, వచ్చే అల్లుడో కోడలో రాజకీయాలు ఎప్పుడో గానీ మాట్లాడరని ప్రశ్నలో చేరిస్తే బాధపడేవాళ్ళు బాగా తగ్గుతారని క్లార్, క్రుప్నికోవ్, రయన్ అనే పరిశోధకులు 2018లో చూపారు. చాలామందికి భయం పార్టీ గురించి కన్నా, ఇంట్లో రోజూ జరగబోయే వాదన గురించే ఎక్కువ.

ఇదే ప్రశ్న గుంటూరులోనో కరీంనగర్‌లోనో అడగాలంటే ఇంకో జాగ్రత్త కావాలి. సంబంధం అనగానే వినేవాళ్ళ మనసు ముందు కులం దగ్గరికి పోతుంది. వచ్చిన జవాబులో పార్టీ ఎంతో, కులం ఎంతో విడదీయలేం. అందుకని ‘మీ కులంలోదే, మీకు తగ్గ కుటుంబమే, పార్టీ మాత్రం వేరు’ అని ప్రశ్నలోనే చెప్పేయాలి. సగం మందికి అలా, మిగతా సగానికి ‘పార్టీ మీదే, కులం వేరు’ అని, ఎవరికి ఏది అడగాలో చీటీ తీసినట్టు పంచి అడగాలి.