మా డాబా మీద మొదలైన పని

2019 వేసవిలో మా బోరు ఎండిపోయింది. హైదరాబాదు తూర్పు శివార్లలో 150 గజాల స్థలంలో నాన్న కట్టించిన ఇల్లు మాది. కింద అమ్మ, పై అంతస్తులో నేను, నా భార్య, పిల్లలిద్దరూ ఉంటాము. 700 అడుగుల బోరులో మోటారు వేస్తే గాలి తప్ప నీరు రాని ఆ రోజుల్లో వారానికి రెండు ట్యాంకర్లు తెప్పించుకునేవాళ్ళము. అర్ధరాత్రి దాటినా పై గదుల్లో ఉక్క తగ్గక పిల్లలకు నిద్ర కరువైంది. ఇక ఏసీ కొనక తప్పదని మేమిద్దరం అనుకుంటుండగా అమ్మ, "ఎండ పైనుంచే వస్తోంది, వాన కూడా పైనుంచే రావాలి. ముందు ఆ డాబా సంగతి చూడరా, కొనడం తర్వాత చూద్దాం" అంది. ఇల్లు పర్యావరణానికి మేలు చేసేలా ఉండాలంటే ఏమేం కొనాలని నన్ను అడిగే మిత్రులకు నేను ఈ మాటే చెబుతున్నాను. వేడినీ వృథానూ తగ్గించుకున్న తర్వాత మిగిలిన అవసరం ఎంతో చూసుకుని, దానికి సరిపడా మాత్రమే కొనాలి.

కాంక్రీటు శ్లాబు పగలంతా ఎండను పీల్చుకుని, ఆ వేడిని రాత్రంతా గదిలోకి వదులుతూ ఉంటుంది. ఫ్యాను ఎంత వేగంగా తిరిగినా పైకప్పు కిందనున్న ఆ వేడిగాలినే మన మీదకు తోస్తుంది. తెల్లని పూత ఉంటే ఎండలో చాలా భాగం శ్లాబులోకి దిగకుండానే వెనక్కి పోతుంది. మేము ఖరీదైన పెయింట్ల జోలికి వెళ్ళకుండా రాళ్ళ సున్నం తెచ్చాము. పాత ఇనుప డ్రమ్ములో సున్నపు రాళ్ళు వేసి నీళ్ళు పోయగానే అవి బుసబుసమని పొంగి, ఆవిర్లు కక్కుతూ, ఒక్కొక్కటే పువ్వులా విచ్చుకున్నాయి. కళ్ళలో పడితే చూపుకే ప్రమాదం కనుక ఆ పూట పిల్లలను మెట్లు ఎక్కనివ్వలేదు. మర్నాటికి వెన్నలా చల్లారిన ముద్దను పలచన చేసి, నాన్న పాత పంచెలో వడగట్టి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలిపాము. డాబా అంతా ఊడ్చి, కడిగి, ఎండ వాలాక ఆ తడి మీదనే కుంచెతో పూత మొదలుపెట్టి, ఒక పూత ఆరిన తర్వాత ఇంకొకటిగా మూడు పూతలు వేశాము. తొందరపడి మధ్యాహ్నపు ఎండలో వేసిన ఒక మూల మాత్రం వారానికే పొడిపొడిగా రాలిపోయింది.

గోడకు తగిలించిన ఉష్ణమాపకంలో పై గది వేడి మధ్యాహ్నం వేళ మూడు డిగ్రీల దాకా తగ్గింది. అంకెకన్నా నాకు ఎక్కువ సంతోషం కలిగించింది రాత్రి పది గంటలకే పిల్లలు నిద్రపోవడం. ఏసీ ఇప్పటికీ కొనలేదు. వర్షాకాలం గడిచేసరికి పూత పలచబడుతుంది కనుక ఏటా మార్చి నెలాఖరులో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ ఈ పనికే కేటాయిస్తాము. 2023లో తెలంగాణ ప్రభుత్వం, పైకప్పులు ఎండను పీల్చుకోకుండా వెనక్కి పంపేలా ఉండాలని కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. మాలాంటి చిన్న ఇళ్ళకు దానిని తప్పనిసరి చేయలేదు గానీ, ఎండ దెబ్బ ఎక్కువగా తినేది ఒక్క శ్లాబు కింద బతికే ఈ ఇళ్ళవారే కనుక, చట్టం అడిగినా అడగకపోయినా ఇది చేసుకోవలసిన పని అని నా గట్టి అభిప్రాయం.

ఇక వాన సంగతి. మా డాబా 90 చదరపు మీటర్లు ఉంటుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు అవుతుంది. హైదరాబాదులో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది కనుక మా డాబా మీద పడేది 72,000 లీటర్లు. ఆవిరికీ చిందినదానికీ ఐదో వంతు తీసేసినా 57,000 లీటర్లకు పైగా మిగులుతుంది, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు పదకొండు. ఇన్నేళ్ళుగా ఆ నీటినంతా గొట్టం గుండా రోడ్డు మీదకు వదిలి, మురుగుకాలువ పాలు చేసి, వేసవి రాగానే ట్యాంకరు కోసం ఫోను చేస్తూ వచ్చామని కాగితం మీద చూసుకున్న రోజున నాకు నిజంగా బాధ కలిగింది. ఈ నగరానికి కృష్ణా నీరు వంద కిలోమీటర్లకు పైగా పంపుల మీద ఎక్కి వస్తోంది. కుళాయి దగ్గర పట్టే ప్రతి బిందె వెనుకా అంత కరెంటు ఖర్చయి ఉంటుంది.

బోరు పక్కన నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, ఆరడుగుల లోతున ఇంకుడు గుంత తవ్వించాము. అయితే నేను ఊళ్ళో లేని రోజున మేస్త్రీ దానిని కంకరకు బదులు ఎక్కడో కూల్చిన ఇంటి ఇటుక ముక్కలతో, సిమెంటు పెళ్ళలతో నింపి, పైన ఇసుక కప్పి వెళ్ళిపోయాడు. ఆగస్టులో గట్టి వాన పడిన రాత్రి, సిమెంటు పొడీ మట్టీ పేరుకుపోయిన ఆ గుంత పొంగి, అమ్మ గది గుమ్మం దాకా బురద వచ్చింది. అంతా ఎత్తిపోయించి, అడుగున 40 మిల్లీమీటర్ల కంకర, దాని మీద 20 మిల్లీమీటర్ల కంకర, ఆపైన దొడ్డు ఇసుక పోయించి, నీరు నిలవడానికి పైన అడుగు మేర ఖాళీ ఉంచాము. డాబా నుంచి దిగే గొట్టానికి జాలీ బిగించాము. మొదటి రెండు వానల నీటిలో పావురాల రెట్టలు, దుమ్ము, సున్నపు పొడి ఉంటాయి కనుక దానిని బయటికే వదులుతాము. ఏటా మృగశిర కార్తె రాకముందే పై ఇసుకను తీసి, కడిగి, మళ్ళీ పోస్తాము. వంటింటి నీటిని ఈ గుంతలోకి ఎట్టి పరిస్థితిలోనూ పంపకూడదు. జిడ్డు చేరితే ఇసుక మూసుకుపోతుంది, భూమిలోని నీరూ చెడుతుంది.

మా ప్రాంతమంతా గ్రానైటు రాతి నేల. నీరు ఆ రాతి పగుళ్ళను పట్టుకుని తన దారిన తాను పోతుంది కనుక మా గుంతలో ఇంకినది మా బోరులోకే చేరుతుందని చెప్పలేము. అందుకే ఇది ఒక్క ఇంటితో తేలే పని కాదు. వీధిలో ఇప్పుడు ఆరు ఇళ్ళలో ఇంకుడు గుంతలున్నాయి. ఆ తర్వాత మా బోరు మళ్ళీ ఎండిపోలేదు. మధ్యలో మంచి వానలు కురిసిన ఏళ్ళు కూడా ఉన్నాయి కనుక ఆ ఘనతంతా గుంతలదే అని మాత్రం అనను.

వంటింట్లో చేసినవి చిన్న మార్పులు. తడి చెత్తను ఎండుటాకులతో కలిపి, పుల్లమజ్జిగ చిలకరించి, చిల్లులు పెట్టిన డ్రమ్ములో ఎరువు చేస్తున్నాము. నగరం చెత్త చేరే జవహర్‌నగర్ కుప్పకు మా ఇంటి నుంచి వెళ్ళేది ఆ మేరకు తగ్గింది. కుళాయి నీటిలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల వంటి వాటి మొత్తం, పరీక్షించి చూస్తే లీటరుకు 500 మిల్లీగ్రాములకు చాలా తక్కువే ఉంది. ఆ పరిమితికి లోపు ఉన్నచోట నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రాలను నిషేధించే ఉత్తర్వు తేవాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్ర పర్యావరణ శాఖను ఆదేశించింది. తాగే లీటరు కంటే పారబోసే లీటర్లు ఎక్కువైన ఆ యంత్రం మా ఇంట్లోనూ ఉండేది; దాన్ని తీసేసి, నీళ్ళు కాచి వడగట్టుకుంటున్నాము.

కొనడం ఆ తర్వాత మొదలుపెట్టాము. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే బ్రష్‌లు లేని మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగే మా ఇంట్లో నెలకు 65 యూనిట్ల దాకా మిగిలింది. అందువల్ల 2024లో ఇళ్ళ మీద సౌర విద్యుత్ పలకలకు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చినప్పుడు, 3 కిలోవాట్ల పలకలు పెట్టించుకోమన్నా మాకు 2 కిలోవాట్లే చాలునని ధైర్యంగా చెప్పగలిగాము. దానికి 60,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. సగటున రోజుకు ఎనిమిది యూనిట్లు వస్తున్నాయి. బిగించినవారు మే నెలలో కొలతలు తీసుకున్నారు. నడినెత్తిన సూర్యుడున్న ఆ రోజుల్లో నీళ్ళ ట్యాంకు నీడ దాని కాళ్ళ దగ్గరే ఉంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలేసరికి ఆ నీడ సాగి ఒక పలక మీద పడింది; పలకలన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే తీగ వరుసలో (సిరీస్‌లో) కలిపి ఉన్నందున మొత్తం ఉత్పత్తి పడిపోయింది. ఎన్నిసార్లు పిలిచినా వారు రాకపోతే, చివరికి వేరే మనిషిని పెట్టి పలకలను ఉత్తరపు పిట్టగోడ వైపు జరిపించాము. పెట్టించుకోదలచినవారు చలికాలపు నీడ ఎక్కడ పడుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి.

స్నానాల గది నీరు ఇంకా మురుగుకాలువలోకే పోతోంది. ఇంటి వెనుక మూడడుగుల వెడల్పున మడి కట్టి, అడుగున కంకర పోసి, మెట్టతామర, అరటి నాటి, ఆ నీటిని అందులోకి మళ్ళించాలని అనుకుంటున్నాము. గొట్టం కోసి కలపడానికి ప్లంబరు వచ్చే వారం వస్తానన్నాడు. అమ్మ అప్పుడే పిన్ని వాళ్ళ పెరట్లోంచి రెండు అరటి పిలకలు తెప్పించి, తడి గోనెపట్టా చుట్టి, కుళాయి పక్కన నిలబెట్టింది.