ఇంటర్వ్యూ కాదంట, ఇంటరాక్షన్ అంట

మొన్న శనివారం మావాడి ఫస్ట్ క్లాస్ అడ్మిషన్‌కి వెళ్ళొచ్చాం, బెంగుళూరు వైట్‌ఫీల్డ్ వైపు ఒక స్కూలు, పేరెందుకులెండి. "ఇంటర్వ్యూ కాదు మేడం, జస్ట్ ఇంటరాక్షన్" అంది రిసెప్షన్ అమ్మాయి. పిల్లల్ని వడపోసి సీట్లివ్వకూడదని 2009 విద్యాహక్కు చట్టంలో ఉంది కదా, అందుకని పేరు మార్చుకున్నట్టున్నారు. లోపల టీచర్ బొమ్మలు చూపిస్తుంటే మావాడు బ్రకోలీ, పెంగ్విన్, ఎస్కలేటర్ అని టకటకా చెప్పేశాడు, ఆవిడ 'వెరీ కాన్ఫిడెంట్' అని రాసుకుంటే నేను తెగ ఉబ్బిపోయా. నిజానికి వాడు కష్టపడి నేర్చుకుందేముంది, బ్రకోలీ మా ఫ్రిజ్‌లోనే ఉంటుంది, ఎస్కలేటర్ ప్రతి ఆదివారం మాల్‌లో ఎక్కుతాడు.

అదే వారం మా గేటు బయట బండి పెట్టుకునే ఇస్త్రీ అన్న, కదిరి దగ్గర వాళ్ళది, కూతుర్ని మా లేఔట్ వెనకున్న చిన్న ఇంగ్లీష్ మీడియం స్కూల్‌కి తీసుకెళ్ళాడు. "నోరే తెరవల్యా అక్కా. షై అని రాసినారు, అంటే ఏమక్కా?" అన్నాడు. ఆ పాప షైయా! రోజంతా బండి పక్కన స్టూలేసుకుని వచ్చేపోయేవాళ్ళందరితో వాగుతూనే ఉంటుంది, మూటల మీద చీటీలు చూసి బి 304, సి 112 అని విడదీసి పెడుతుంది, ఏ చీర ఏ ఇంటిదో వాళ్ళ నాన్న మర్చిపోయినా తను మర్చిపోదు.

ఎంఏ సోషియాలజీలో ఈ బడి సంగతులన్నీ పరీక్షకి బట్టీ కొట్టినవే, తర్వాత హెచ్‌ఆర్ ఉద్యోగంలో పడి గాలికొదిలేశా. అమెరికా ఆయన పార్సన్స్ 1959లో ఏమన్నాడంటే, ఇంట్లో బిడ్డని మన బిడ్డ అని చూస్తారు, క్లాసులో మాత్రం అందరికీ ఒకటే కొలత, అలా బడి ఇంటికీ బయటి ప్రపంచానికీ మధ్య వంతెన అవుతుందని. అప్పట్లో నాకు ఆయనే నచ్చాడు, హిందూపురం పక్కన జడ్పీ హైస్కూల్ నుంచి మార్కులతోనే పైకొచ్చినదాన్ని మరి. ఫ్రాన్స్‌లో బూర్దియో, పాసెరాన్ 1964లో రాసింది చదివితే మాత్రం ఒళ్ళు మండింది. మాటతీరు, పుస్తకాలు, అభిరుచులు ఇవన్నీ ఇంటి నుంచి ఆస్తిలాగా సంక్రమిస్తాయంట, బడి వాటినే చూసి తెలివి అని మెచ్చుకుంటుందంట. అంటే నా మార్కులు ఉత్తివేనా అని హాస్టల్లో గొడవపడ్డా. ఇప్పుడు బ్రకోలీ దగ్గర దొరికిపోయా.

రే రిస్ట్ అని ఇంకొకాయన 1970లో రాసింది తల్చుకుంటే ఇంకా దిగులు. ఒక కిండర్‌గార్టెన్‌లో టీచరమ్మ ఎనిమిదో రోజుకే పిల్లల్ని తెలివైనవాళ్ళు, కానివాళ్ళు అని మూడు టేబుళ్ళకి పంచేసింది, ఏ పరీక్షా పెట్టకుండానే, రెండో క్లాసుకొచ్చినా ఆ విభజన దాదాపు అట్లానే ఉంది. 'షై' అనేది ఏ టేబులో మరి.

కానీ ఈ వారమంతా నా బుర్రలో తిరిగింది లండన్ ఆయన బెర్న్‌స్టైన్. అక్కడ ఐదేళ్ళ పిల్లలకి వరసగా బొమ్మలు చూపించి కథ చెప్పమన్నారు. మిడిల్ క్లాస్ పిల్లలు ముగ్గురబ్బాయిలు బంతాడుతున్నారు, ఒకడు తంతే బంతి వెళ్ళి కిటికీకి తగిలింది అని, బొమ్మ చూడనివాళ్ళకి కూడా తెలిసేలా చెప్పేవాళ్ళంట. కార్మికుల పిల్లలేమో వాళ్ళు ఆడుతున్నారు, వాడు తన్నాడు, అది పగిలింది అనేవాళ్ళంట. తెలివి తక్కువై కాదు, ఎదుటివాళ్ళకి కూడా తెలుసు కదా అన్నట్టు మాట్లాడటం అది, మనూళ్ళో అరుగు మీద మాట్లాడుకున్నట్టు. బడికి మాత్రం మొదటి రకమే కావాలి. పేదపిల్లలకి భాష రాదంటున్నాడు అని చాలామంది ఆయన్ని తప్పుగా పట్టుకున్నారు, అది కాదు నేనన్నది అని ఆయన మొత్తుకున్నాడు పాపం.

ఇస్త్రీ అన్న అడిగితే సాయంత్రాలు పాపని మా ఇంటికి పంపమన్నా, ఇంకో స్కూల్లో ట్రై చేద్దామని. నిన్న మావాడి బొమ్మల పుస్తకం తీసి తెలుగులోనే కథ చెప్పమన్నా. మామిడిచెట్టు, కొమ్మ మీద పిల్లాడు, కింద కర్ర పట్టుకున్న ముసలమ్మ.

"వాడెక్కినాడు. అది పడింది. ఆమె తిడతాంది."

"ఎవరెక్కారు? ఏం పడింది? పూర్తిగా చెప్పాలమ్మా" అన్నా, అచ్చం ఆ స్కూల్ టీచర్ గొంతుతోనే.

పాప నన్నొకసారి చూసింది, బొమ్మనొకసారి చూసింది.

"నీకూ కనపడతాంది కదా ఆంటీ, మళ్ళా నేనెందుకు చెప్పాల?"