ఆజ్ఞకు బలం ఎక్కడిది?
శిక్ష భయం వల్లే జనం అధికారానికి లోబడతారన్న మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. అర్ధరాత్రి ఖాళీ కూడలిలో, పోలీసు కనుచూపు మేరలో లేకపోయినా, ఎర్రదీపం చూసి బండి ఆపేవాడిని ఆపుతున్నది భయమేనా? ఆజ్ఞాపించే హక్కు ఎదుటివారికి ఉందన్న నమ్మకం మీదే అధికారం నిలుస్తుందని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వివరించాడు. ఆ నమ్మకం మనిషిని ఎంత దూరం తీసుకుపోగలదో 1961లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ మొదలుపెట్టిన ప్రయోగాలు చూపాయి: ప్రయోగం నడిపే వ్యక్తి ఆజ్ఞ మేరకు పక్క గదిలోని మనిషికి విద్యుదాఘాతం ఇస్తున్నామనుకున్న 40 మందిలో 26 మంది, కొందరు చెమటలు కక్కుతూ, వణుకుతూనే, 450 వోల్టుల మీట దాకా నొక్కారు (ఆ విద్యుత్తు ఉత్తుత్తిదే). అయితే పక్కన కూర్చున్న ఇద్దరు ఎదురుతిరిగినట్లు నటించిన మరో ప్రయోగంలో, 40 మందిలో చివరిదాకా వెళ్లినవారు నలుగురే. మొదటి లెక్కకు వచ్చినంత ప్రచారం ఈ రెండో లెక్కకు రాకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.