బత్తాయి ఒలిచిన వేలు

ఇంగ్లండ్‌లో నర్సుగా చేరిన కొత్తలో నాకు వింతగా అనిపించింది వార్డులోని సుగర్ మీటరు. ముందు మన బ్యాడ్జి బార్‌కోడ్ చూపాలి, తర్వాత స్ట్రిప్పుల డబ్బాది, ఆపైన పేషెంటు చేతి పట్టీది. ట్రైనింగ్ గడువు దాటితే మన బార్‌కోడ్‌ను అది తీసుకోదు. రోజూ, సుగర్ ఎంతుందో ముందే తెలిసిన రెండు కంట్రోల్ ద్రావణాలతో, సుగర్ తక్కువున్నది ఒకటి, ఎక్కువున్నది ఒకటి, దానికే పరీక్ష పెట్టాలి. చూపాల్సిన హద్దుల్లో చూపకపోతే లాకైపోతుంది. ఇన్సులిన్ వేసే టైముకు లాకైతే పక్క వార్డుకు పరుగే. "నీ బార్‌కోడ్ ఒక్కసారి ఇవ్వవా" అని అడిగేవాళ్లు ఇక్కడా ఉన్నారు. మా సీనియర్ కేరళ సిస్టర్ చచ్చినా ఇవ్వదు. ఆమెదే రైటు. రీడింగు చూసే డోసు వేస్తాం, వేసిన ఇన్సులిన్ వెనక్కి రాదు.

మీటరు బాగున్నంత మాత్రాన సరిపోదు. ఒంట్లో రక్తం తక్కువున్నవాళ్లకు చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపుతాయి. బీపీ పడిపోయి చేతులు చల్లబడ్డవాళ్ల వేలి చుక్కను నమ్మం, నరం నుంచి రక్తం తీసి ల్యాబుకు పంపుతాం. ఇంట్లో వాడే మీటర్లకైతే 2013 నాటి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణమే, సుగర్ 100 దాటినప్పుడు 15 శాతం తేడాను ఒప్పుకుంటుంది. అంటే ల్యాబులో 200 వచ్చేది మీటరులో 170 రావొచ్చు, 230 రావొచ్చు.

హాలియా దగ్గర మా ఊళ్లో నాయినకు సుగర్. ఒకరోజు వీడియో కాల్‌లో మీటరు చూపించాడు: 312. వెనక అమ్మకు ఒకటే టెన్షన్.

"ఇప్పుడేం తిన్నవ్ నాయినా?"

"ఏం తినలే బిడ్డా. తోటల బత్తాయిలు ఒలిచి పిల్లకు పెట్టిన, అంతే."

సబ్బుతో చేతులు కడిగించి, బాగా ఆరాక వేరే వేలికి మళ్లీ పొడవమన్నాను. 148. స్పిరిట్ దూదితో తుడిచినా వేలికి అంటిన పండ్ల తీపి పూర్తిగా పోకపోవచ్చు. నీళ్లతో కడగాల్సిందే.

నల్గొండలో ఒక నర్సింగ్ హోంలో పనిచేసే మా చిన్నమ్మ కూతురిని, మీటరుకు కంట్రోల్ పరీక్ష చేస్తారా అని అడిగాను. "అదేంది అక్కా?" అంది. వెతికితే మీటరు పెట్టెలోనే సీసా దొరికింది, సీలు కూడా తీయలేదు, ఎక్స్‌పైరీ దాటిపోయింది. కొత్తది తెప్పించమన్నాను. ఈలోపు స్ట్రిప్పుల డబ్బా మీద మూత తెరిచిన తేదీ అయినా రాయమన్నాను. దానికి ఖర్చేమీ లేదు కదా.