నల్లకుంట మేడ మీద మిరుగం

మా మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన, నాలుగు ఇటుకల నడుమ ఒక స్టీలు డబ్బా నిలబెట్టి ఉంటుంది. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పు ఉన్న పాత్ర కోసం వంటింటి అలమరలన్నీ వెతికితే, ఒకప్పుడు మురుకులు దాచిన ఈ డబ్బా దొరికింది. ఒకే వెడల్పు ఉంటేనే లోపల నిలిచిన నీటి లోతు ఆ చోట కురిసిన వానతో సమానమవుతుంది. డబ్బా పెద్దదా చిన్నదా అన్నదానితో నిమిత్తం లేదు. వాతావరణ శాఖ వారి రోజు ఉదయం ఎనిమిదిన్నరకు మొదలై మరునాడు ఎనిమిదిన్నరకు ముగుస్తుంది కనుక నేనూ ఆ వేళకే మెట్లెక్కి, పిల్లల ప్లాస్టిక్ స్కేలు నిలువుగా ముంచి, తడి ఎంతవరకు అంటిందో చూసి నోటుబుక్కులో రాసుకుంటాను. స్కేలు అంచుకూ సున్నా గీతకూ మధ్య కొంత ఖాళీ ఉంటుందన్న సంగతి మొదటి ఏడాదంతా నాకు తట్టలేదు. ఆ ఏడు మా ఇంటి మీద కురిసిన ప్రతి వాననూ నేను నాలుగేసి మిల్లీమీటర్లు తక్కువ చేసి రాశాను. తరువాత ఆ అంచును రంపం బ్లేడుతో కోసేశాను.

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు. మా మేడ సుమారు వంద చదరపు మీటర్లు ఉంటుంది. అంటే ఇరవై మిల్లీమీటర్ల వాన కురిసిన రాత్రి రెండు వేల లీటర్లు గొట్టం దిగి, వీధిలో పడి, హుస్సేన్ సాగర్ నాలా పట్టుకుని మూసీకి పోతాయి. పేరులో కుంట ఉంది గాని, ఆ నీటిని నిలుపుకోవడానికి మా పేటలో కుంట లేదు.

నోటుబుక్కులో మూడు గడులు ఉన్నాయి: తేదీ, వాన, కార్తె. మూడోది నాయన కోసం పెట్టినది. నల్లగొండ దిక్కు మెట్ట సేద్యం చేసిన ఆయనకు జూన్, జూలై అన్నవి జీతగాళ్ల నెలలు. ఫోనులో వాన కురిసిందని చెబితే ఆయన తేదీ అడగడు, మిల్లీమీటర్లు అసలే అడగడు. "పదునైందా బిడ్డా?" అని అడుగుతాడు. పదును అంటే విత్తనం మొలవడానికి చాలినంత తడి. చేను గెట్టు మీద కూర్చుని, పైపొర గీకి, కింది మన్ను పిడికెడు తీసి నొక్కి, అది ఉండ కట్టిందో లేదో చూసి గాని ఆయన గొర్రు కట్టేవాడు కాదు. సిమెంటు మేడ మీద పదును ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు కనుక, "గట్టిగనే కొట్టింది నాయనా" అని ఊరుకుంటాను.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలం. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర ప్రవేశిస్తాయి. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయనీ, మృగశిర చిందిస్తే ముసలెద్దు కూడా రంకె వేస్తుందనీ ఊళ్లో అనని వారు లేరు. అయితే నన్ను కొన్నాళ్లు నిద్రపోనివ్వని విషయం ఒకటుంది. భూమి అక్షం తిరిగే బొంగరం తలలా ఊగుతూ దాదాపు 26,000 ఏళ్లకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అందువల్ల ఋతువులతో పోల్చినప్పుడు నక్షత్ర ప్రవేశాలు సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనకబడుతూ వస్తాయి. ఆ లెక్కన ఒక కార్తె నిడివి జరగడానికి తొమ్మిదిన్నర శతాబ్దాలు పడుతుంది. అంటే తొలి కాకతీయుల కాలపు రైతు మృగశిర అని పిలిచిన పక్షం, ఎండను బట్టి చూస్తే, మనం రోహిణి అంటున్న ఈ పక్షమే. రోళ్లు పగిలే మాట ఆనాటిదైతే అది వేరే కార్తె మీద ఉండి ఉండాలి. సామెతలను ఎవరూ సభ పెట్టి సవరించలేదు. మబ్బును చూస్తూ బతికిన వారి నోళ్లలో అవే సర్దుకుని ఉంటాయని నా ఊహ. ఈ మాట నాయనతో అంటే, "సూర్యుడు జరుగుతడా, మనం జరుగుతమా?" అని అడిగి, జవాబు వినకుండానే ఎడ్ల సంగతికి వెళ్లిపోయాడు.

మిరుగం నాడు, అంటే మృగశిర ప్రవేశించే రోజు, మాకు పక్కనే ఉన్న రాంనగర్ చేపల మార్కెట్టులో కాలు పెట్టే సందు ఉండదు. కొర్రమీను తొట్టిలో తోక కొట్టిన నీళ్లు కొనేవాడి చొక్కా మీద, కత్తిపీట మీద, తూకం మీద సమానంగా పడతాయి. బొచ్చె, రవ్వ ఎండుగడ్డి పరిచిన బండల మీద ఉంటాయి. చేపలు తినని ఇళ్లలో ఇంగువ, బెల్లం కలిపి చిన్న ఉండ చేసి మింగుతారు. ఎండలు హఠాత్తుగా చల్లబడితే ఒంటికి వేడి కావాలన్నది పెద్దల మాట. నాకు ఇంగువ ఉండ కన్నా చింతచిగురు వేసిన పులుసు మీదే నమ్మకం ఎక్కువ.

చేపకూ వానకూ ముడి పెట్టిన వాళ్లం మనం ఒక్కరమే కాదు. పెరూ తీరంలోని జాలర్లు కొన్ని ఏళ్లలో క్రిస్మస్ రోజుల్లో సముద్రం వెచ్చబడి చేప దొరకకపోవడం గమనించి, దానికి బాల యేసు పేరు మీద ఎల్ నినో అని పేరు పెట్టుకున్నారు. తూర్పు నుంచి వీచే గాలి సడలితే పసిఫిక్ పడమటి కొసన పోగైన వేడినీరు వాళ్ల తీరం వైపు జారుతుంది. అడుగు నుంచి పైకి రావలసిన చల్లని, సారమున్న నీరు అణగిపోతుంది. అదే ఏడు మన మీద మబ్బు కట్టవలసిన గాలి కూడా తరచుగా బలహీనపడుతుంది. 1972లో పెరూలో ఆంకోవీ చేపల వేట కుప్పకూలింది, మన దేశంలో కరువు వచ్చింది. 1904లో ఇక్కడి వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణిత పండితుడే గాని వాతావరణ శాస్త్రజ్ఞుడు కాడు. 1899 నాటి కరువు మళ్లీ వస్తే ముందే చెప్పగలమా అని దేశదేశాల వాయుపీడనాల లెక్కలు గుమస్తాల చేత వేయిస్తూ, పసిఫిక్ మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుందనీ, అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుందనీ పసిగట్టాడు. ఈ త్రాసుకూ పెరూ జాలర్ల వేడినీటికీ ఉన్న సంబంధం 1960లలో గాని తేలలేదు. అయినా ఈ ముడి గట్టిది కాదు: 1997లో ఎల్ నినో ఉగ్రంగా ఉన్నా మన వానలు మామూలుగానే కురిశాయి.

ఎల్ నినో ఏడైన 2023 పుట మాత్రం చివరికి ఆ త్రాసు చెప్పినట్టే నడిచింది. జూలై ఆఖరి వారంలో స్కేలు ముంచని రోజు లేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్లు పడింది. ఆ వెంటనే ఆగస్టు వచ్చింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశానికి అంత పొడి ఆగస్టు లేదు. నా పుటలో మఖ కార్తె గడికి ఎదురుగా వరుసగా సున్నాలు ఉన్నాయి, ఒకచోట కాకి డబ్బా పడదోసిందని రాసి ఉంది. మఖ, పుబ్బ వరుపైతే మహా కరువని నాయన ఆ నెలలో రెండు సార్లు అన్నాడు. జూలైలో నిండిన చెరువులు ఉండబట్టి సరిపోయింది.

2025లో ఇందుకు తలకిందులు. ఋతుపవనాలు జూన్ 1 దాకా ఆగకుండా మే 24నే కేరళను తాకాయి, రోళ్లు పగలవలసిన కార్తె మొదలవుతుండగానే మాకూ చినుకులు వచ్చేశాయి. కార్తె తప్పిందేమో అని ఫోనులో అంటే నాయన ఒప్పుకోలేదు. "కార్తె తప్పలే. మొగులే తొందరపడ్డది" అన్నాడు.

ఆ మొదటి వాన రాత్రి ఉసిళ్లు ట్యూబులైటు చుట్టూ ముసిరితే, ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, వాకిట్లో ఒక్క బల్బు వెలిగించి, కింద బేసినుతో నీళ్లు పెట్టాము. తెల్లవారి డబ్బాలో చూస్తే, నీటి మీద గోధుమరంగు రెక్కలు తేలుతున్నాయి. వాటిని వేలితో పక్కకు నెట్టి స్కేలు ముంచాను: పదకొండు మిల్లీమీటర్లు, రోహిణి.