టర్నర్ జాలర్లను వెతుక్కుంటూ

లండన్‌లోని టేట్ బ్రిటన్ చిత్రశాలకు వెళ్లేవాళ్లలో చాలామంది ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ చివరి రోజుల చిత్రాల ముందే ఆగిపోతారు. ఏది ఆకాశమో ఏది నీరో తెలియని ఆ మంచూ నిప్పూ నాకూ ఇష్టమే. కానీ పిమ్లికో స్టేషన్‌లో దిగి నేను వెతుక్కుంటూ వెళ్లింది ఆయన ‘ఫిషర్మెన్ ఎట్ సీ’ (సముద్రంలో జాలర్లు) కోసం. 1796లో, 21 ఏళ్ల వయసులో, చిత్రకారుల సంస్థ అయిన రాయల్ అకాడమీలో ఆయన ప్రదర్శించిన మొదటి తైలవర్ణ చిత్రం అది. అంతకుముందు అక్కడ పెట్టినవి నీటిరంగులే. కోవెంట్ గార్డెన్‌లో విగ్గులు చేసే క్షురకుడి కొడుకు, పెద్ద చిత్రకారుల వరుసలోకి రావడానికి సముద్రాన్నీ రాత్రినీ ఎంచుకున్నాడు.

చిత్రం మరీ పెద్దదేమీ కాదు. సుమారు 91 సెంటీమీటర్ల ఎత్తు, 122 వెడల్పు. మబ్బులు విడిపోయిన చోట చంద్రుడు. ఆ వెలుగు సరిగ్గా కింద ఉబ్బుతున్న కెరటం మీద పడుతోంది. కెరటం ఎత్తిన పడవలో ఒక లాంతరు. వెన్నెల చల్లగా, తెల్లగా సముద్రమంతా పరుచుకుంటే, లాంతరు పసుపు వెలుగు మాత్రం కొందరు మనుషుల ఆకారాలను పట్టుకోవడానికే సరిపోయింది. నేను ఎక్కువసేపు నిలబడింది దాని దగ్గరే.

వెర్నే, లౌథర్‌బర్గ్ అనే సముద్ర చిత్రకారుల చిత్రాల నుంచి నేర్చిన పనితనమే ఇదని పండితులు అంటారు. కాదనను. వెన్నెల రాత్రులు ఆ కాలంలో జనం మెచ్చే సరుకు కూడా. కానీ ఆ నీటి బరువు ఎవరి దగ్గరా అరువు తెచ్చినది కాదని నా నమ్మకం. పడవ కిందికి జారబోయే ముందు క్షణం కడుపులో తెలుస్తుంది.

ఎడమవైపు చీకట్లో నిలిచినవి ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వైట్ (Wight) ద్వీపం కొసన ఉన్న నీడిల్స్ బండలు. టర్నర్ 1795లో ఆ ద్వీపానికి వెళ్లాడు. నేనూ లిమింగ్టన్‌లో ఫెర్రీ ఎక్కి యార్మత్‌లో దిగి, ఆ బండల పక్కనున్న ఆలం బే తీరానికి చేరాను. అక్కడి రంగురంగుల ఇసుకను సీసాల్లో నింపి అమ్ముతారు. దాని గురించి ఇంతకు మించి చెప్పాల్సింది లేదు.

బండలు ఇప్పుడు మూడే. సన్నగా ఉండే నాలుగోది 1764 తుపానులోనే కూలింది కాబట్టి టర్నర్ చూసినవీ ఇవే. చివరి బండను ఆనుకున్న ఎర్ర చారల లైట్‌హౌస్ మాత్రం 1859 నాటిది. 1786 నుంచి కొండ మీద ఒక దీపస్తంభం ఉండేది గానీ, మరీ ఎత్తున ఉండడంతో పొగమంచు పడితే నావికులకు కనిపించేది కాదు. ఆ సంగతి తెలిశాక, జాలర్ల లాంతరు కేవలం అందం కోసం పెట్టినదని అనుకోలేకపోయాను.

పర్యాటకుల పడవ మమ్మల్ని నురగ కక్కుతున్న ఆ బండల దగ్గరికి తీసుకెళ్లింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఫొటోలు పూర్తికాకముందే పడవాయన చటుక్కున వెనక్కి తిప్పేశాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.