తిస్రగతిలో అలిపిరి మెట్లు

మన సంగీత నృత్య కళాశాలలో గాత్రం నేర్చుకున్న నేను గిటారు పట్టుకుని పాప్ పాటలు కడుతున్నానని తెలిసిన సహాధ్యాయులు, ఎక్కడ కలిసినా ఆ మెట్ల పాట ఎలా పుట్టిందని అడుగుతూ ఉంటారు. 1959లో తిరుమల తిరుపతి దేవస్థానం స్థాపించిన ఈ కళాశాలలో చేరేనాటికి అన్నమాచార్య కీర్తనలు పాడాలన్నదే నా ఆశ. అయినా ఆ పాటకు అక్కరకు వచ్చినదంతా ఇక్కడి తాళపాఠాలలో దొరికినదే కనుక, ఈ సంచికకు ఆ సంగతే రాస్తున్నాను.

మా తమ్ముడు పనికోసం కువైట్ వెళ్లి, గడువు దాటినా తిరిగి రాలేక చిక్కుకుపోయిన రోజులలో, వాడు క్షేమంగా ఇల్లు చేరితే అలిపిరి నుంచి మెట్టు మెట్టుకూ పసుపు రాసి బొట్టు పెడతానని మా అమ్మ మొక్కుకుంది. వాడు వచ్చాడు. 3,550 మెట్లున్న ఆ దారిలో ఆమె ప్రతి మెట్టు దగ్గరా వంగి, పసుపు అద్ది, కుంకుమ పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచేది. నేను పళ్లెం పట్టుకుని పక్కన నడిచాను. తమ్ముడు నాలుగైదు మెట్లు ముందుండి, నీళ్ల సీసా చేతిలో పెట్టుకుని, వెనక్కి తిరగకుండా నిలబడేవాడు. గాలిగోపురానికి ముందు ఎక్కుడు కష్టమైన చోట, తనకే ఊపిరి అందకపోయినా, "ఇంగ రెండు మెట్లే నాయనా" అని అమ్మే మాకు ధైర్యం చెప్పేది.

ఎడబాటు మీద మొదట రాసుకున్న పల్లవులలోకి ఎడారీ కన్నీళ్లూ వచ్చి చేరాయి; అవి ఎవరి పాటలోనైనా ఒదిగిపోయే మాటలు. నాకు మిగిలింది అమ్మ వంగి లేచిన లయ ఒక్కటే. పసుపు, కుంకుమ, అడుగు: మెట్టుకు మూడు పనులు. కంప్యూటరులో సిద్ధంగా దొరికే డ్రమ్ములు చాలావరకు నాలుగు దెబ్బల లెక్కవి కనుక వాటిని పక్కన పెట్టి, తిస్రగతిలో, అంటే దెబ్బకు మూడు మాత్రల లెక్కన, చేత్తో తాళం వేసుకుంటూ మాటలు వెతికాను. 'పసుపు' మూడు మాత్రలు, సరిపోయింది. 'కుంకుమ' నాలుగు, దానిని ఎంత కుదించి పాడినా ఉరుకుతున్నట్టే వినిపించింది. 'బొట్టు' మూడు, 'మెట్టు' మూడు. అలా "పసుపు బొట్టు మెట్టు మెట్టు" అన్న పల్లవి కుదిరింది. ఛందస్సు పాఠం పరీక్షకు తప్ప దేనికీ పనికిరాదని వెనక బెంచీలలో వాదించిన మిత్రులు ఇది గమనించగలరు!

రాగం కోసం పెద్దగా వెతకలేదు. మోహనలో మధ్యమం, నిషాదం లేవు. ఉన్న ఐదు స్వరాలతోనే సగప, దసగ అనే రెండు కార్డులు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, గిటారు మీద చక్కగా పలుకుతాయి. పల్లవి మొదటిదాని మీద నడుస్తుంది. తమ్ముడి ప్రస్తావన వచ్చే చరణాన్ని రెండవదాని మీద నిలిపితే, పరాయి స్వరం ఒక్కటీ తాకకుండానే పాటకు దిగులు పట్టింది. ఆ చరణంలో కువైట్ పేరు లేదు, వాడు అక్కడ పడ్డ పాట్లు లేవు. వాటిని వాడు మాకే చెప్పలేదు; నేను ఊహించి రాయడం న్యాయం కాదనిపించింది. ముందు మెట్ల మీద నీళ్ల సీసాతో నిలుచున్న మనిషి మాత్రం ఉన్నాడు. పాట వింటే జనం ముందుగా చెప్పేది ఆ మనిషి గురించే కావడం నాకు ఇప్పటికీ కొంత ఆశ్చర్యమే.

విన్న ఒక సంస్థవారు చివర గోవింద నామాలు కలిపితే భక్తిగీతాల సంపుటిలో చేరుస్తామన్నారు, 'ఇంగ' బదులు 'ఇంకా' అనమన్నారు. రెండూ ఒప్పుకోలేదు. అది కొండ మీదికి చేరని పాట; గాలిగోపురం రాకముందే "ఇంగ రెండు మెట్లు" అంటూ, ఆధార స్వరమైన షడ్జం మీద వాలకుండా పంచమం మీదే ఆగిపోతుంది. చివరకు మా ఇంటి ముందుగదిలోనే, పరుపులు గోడలకు ఆనించి రికార్డు చేశాం. మృదంగం బదులు వినిపించేది ఆనాటి స్టీలు పళ్లెం మీద నా వేళ్ల చప్పుడే.

పాట పూర్తయ్యాక అమ్మకు వినిపిస్తే, రెండుసార్లు శ్రద్ధగా విని, "అంతా బాగుంది గానీ, కుంకుమ ఏదిరా?" అని అడిగింది. మాత్రలు చాలలేదని వివరించబోయాను. "బొట్టంటే అదేలే అమ్మా" అని తమ్ముడే సర్ది చెప్పాడు.